లైనక్స్ గట్టిదే, తెర దగ్గరే పేచీ

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఇవ్వడం 2025 అక్టోబరు 14తో ఆపేసింది. పెద్ద ఊళ్లలో ఆఫీసులు కొత్త సిస్టంలు కొనుక్కుని ముందుకు పోయాయి. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వంతెన ఎక్కేసరికి కథ వేరు. ఇక్కడ జిరాక్స్ షాపులోనో, నెట్ సెంటర్లోనో, దుమ్ముగూడెం, చర్ల రోడ్డు మీద ఏ బడిలోనో ఉన్న సిస్టం పదేళ్ల కిందటిదైనా ఆశ్చర్యం లేదు. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు 8వ తరం నుంచి ఉండాలి. పాత సిస్టంకి ఆ అర్హత లేదు. బాగానే పనిచేస్తున్నదాన్ని పారేయడానికి మనసొప్పదు. సరిగ్గా అప్పుడే హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివే మేనల్లుడు సెలవులకొచ్చి, "మామా, లైనక్స్ వేసేద్దాం. పైసా ఖర్చు లేదు, వైరస్ గొడవ లేదు, అసలు హ్యాంగే కాదు" అంటాడు.

మొదటి మాట నిజం. రెండోది చాలావరకు నిజం. మూడోదాని గురించే కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. ఎందుకంటే అలా మారినవాళ్లలో కొందరు నెల తిరక్కుండానే "మళ్లీ విండోసే కొట్టించు బాబూ" అంటూ వెనక్కి వస్తారు. కింద బార్ మాయమైందని ఒకరు, స్క్రీన్ నల్లబడిందని ఒకరు, మూత వేసిన ల్యాప్‌టాప్ మళ్లీ లేవలేదని ఇంకొకరు, నిన్నటిదాకా పడిన తెలుగు ఇవాళ పడటం లేదని మరొకరు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. ఈ ఫిర్యాదులు వినగానే "నీకు వాడటం రాలేదు" అనేసే లైనక్స్ అభిమానులు కొందరున్నారు. ఆ జవాబు తప్పు, పైగా మర్యాద కూడా కాదు. లోపాలు నిజంగానే ఉన్నాయి. అవి ఎక్కడ ఉన్నాయో, ఎందుకు పోవడం లేదో తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది, సగం సమస్యలు మన చేతిలోనే తీరిపోతాయి.

ముందు ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లైనక్స్ అంటే అసలు కెర్నల్ మాత్రమే. డిస్కు, మెమరీ, ప్రాసెసర్, నెట్‌వర్క్‌లను నడిపే లోపలి యంత్రం అది. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని లోపల ఉన్నది కూడా అదే. ప్రపంచంలోని అగ్రశ్రేణి 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ప్రతి యంత్రమూ లైనక్స్ మీదే నడుస్తోంది. "హ్యాంగే కాదు" అన్న పేరు వచ్చింది వీటివల్ల. సర్వర్లకు, సూపర్ కంప్యూటర్లకు మౌసు, మెనూ, కిటికీలు అక్కర్లేదు. మనకు కనిపించేదంతా, అంటే మెనూ, కింద బార్, ఫైళ్ల కిటికీ, గడియారం, సౌండు గుర్తు, ఇదంతా కెర్నల్ మీద వేరేవాళ్లు కట్టిన డెస్క్‌టాప్. గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ, సినమన్, మాటే వంటివి దాంట్లో రకాలు. లోపలి యంత్రం సంపాదించిన మంచిపేరును పై తెరకు కూడా కలిపి చెప్పేయడంతోనే మేనల్లుడు దారి తప్పాడు.

ఆ డెస్క్‌టాప్ కూడా ఒకే వస్తువు కాదు. మన వైపు పెళ్లికి టెంట్ హౌస్ ఒకరిది, మైక్ సెట్ ఇంకొకరిది, వంట మరొకరిది, జనరేటర్ వేరొకరిది. మధ్యాహ్నం సాంబారు పలచబడినా, సాయంత్రం మైకు కూ అన్నా మాట పడేది పెళ్లివారే. డెస్క్‌టాప్‌లోనూ అంతే. అన్నిటికంటే అడుగున గ్రాఫిక్స్ డ్రైవరు ఉంటుంది. దాని మీద బొమ్మను తెరకు చేర్చే డిస్‌ప్లే సర్వర్, ఆపైన కిటికీలను అమర్చే విండో మేనేజర్, ఆపైన మెనూ, బార్‌లు ఉండే షెల్ ఉంటాయి. పక్కన అక్షరాలను పేర్చే లైబ్రరీలు, ఫాంట్లు, కీబోర్డు నుంచి తెలుగు పడేలా చేసే ఇన్‌పుట్ పద్ధతి ఉంటాయి. ఒక్కోదాన్ని ఒక్కో దేశంలో ఒక్కో బృందం రాస్తుంది. అందులో కొందరు జీతానికి, కొందరు ఉత్తినే, ఖాళీ దొరికిన ఆదివారాల్లో పనిచేస్తారు. వీటన్నిటినీ కలిపి మూటకట్టి ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మింట్ అంటూ మనకిచ్చేవాళ్లు ఇంకొకరు. ఎక్కడ ఏది తెగినా మనం అనేది ఒకటే మాట: "లైనక్స్ పాడైంది."

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. కెర్నల్‌కి ఒక కట్టుబాటు ఉంది. పాత ప్రోగ్రాం నిన్న నడిచిందంటే, కొత్త కెర్నల్ వేశాక కూడా నడవాలి. దాన్ని చెడగొట్టిన మార్పు ఎంత గొప్పదైనా వెనక్కి తీసుకోవాల్సిందే. ఈ విషయంలో టోర్వాల్డ్స్ మొహమాటం లేకుండా తిట్టిన సందర్భాలు ఎన్నో. డెస్క్‌టాప్ బృందాలకు అటువంటి ఉమ్మడి కట్టుబాటు లేదు. అక్కడ ప్రతి కొన్నేళ్లకూ ఎవరికో ఒకరికి పాతదంతా పడగొట్టి కొత్తగా కట్టాలనిపిస్తుంది. నా ఉద్దేశంలో లైనక్స్ తెర నిలకడలేనితనానికి మొదటి కారణం ఇదే. ప్రతిభ తక్కువై కాదు.

చరిత్రలో రెండు ఘట్టాలు చాలు. కేడీఈని 1996లో జర్మనీకి చెందిన మతియాస్ ఎట్రిచ్ మొదలుపెట్టాడు. దాని 3.5 వెర్షన్ జనానికి బాగా అలవాటైపోయి హాయిగా సాగుతున్న రోజుల్లో, 2008 జనవరి 11న కేడీఈ 4.0 వచ్చింది. లోపలి నిర్మాణమంతా కొత్తది. ఇది ప్రోగ్రాములు రాసేవాళ్లకు పునాది వెర్షనే కానీ అందరి రోజువారీ వాడకానికి కాదని దాన్ని తయారుచేసినవాళ్లు అన్నారు. అయితే పేరులో 4.0 అని ఉంది కదా. అదే ఏడాది మే నెలలో వచ్చిన ఫెడోరా 9 దాన్నే వాడకందార్ల ముందు పెట్టింది. పాత కేడీఈలో ఉన్న ఎన్నో సౌకర్యాలు లేవు, ఉన్నవి ఉన్నట్టుండి కూలిపోయేవి. టోర్వాల్డ్సే విసిగిపోయి గ్నోమ్‌కి మారిపోయాడు. మూడేళ్లు తిరిగేసరికి గ్నోమ్ వంతు వచ్చింది. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 పాత మెనూలను, బార్‌లను తీసేసి పూర్తిగా కొత్త పద్ధతి తెచ్చింది. టోర్వాల్డ్స్ మళ్లీ తిట్టుకుంటూ ఎక్స్‌ఎఫ్‌సీఈకి పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు గ్నోమ్‌కే తిరిగొచ్చాడు, అది వేరే సంగతి. పాత గ్నోమ్ 2 కావాలన్నవాళ్లు దాన్ని మాటే పేరుతో బతికించుకున్నారు. మింట్ వాళ్లు సినమన్ కట్టుకున్నారు. ఉబుంటు యూనిటీ అనే సొంత తెరను 2011లో ముందుకు తెచ్చి, 2017లో దాన్ని వదిలేసి గ్నోమ్‌కి మళ్లింది. లైనక్స్ రాసినవాడికే తెర కుదరలేదంటే, భద్రాచలంలో బోనఫైడ్ సర్టిఫికెట్లు టైపు చేసేవారికి కుదరకపోవడంలో వింతేముంది?

చిన్న మార్పుల దెబ్బ కూడా తక్కువేం కాదు. గ్నోమ్‌లో కింద బార్ కావాలన్నా, పాత తరహా మెనూ కావాలన్నా చాలామంది ఎక్స్‌టెన్షన్లు వేసుకుంటారు. 2023 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 45, ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతినే మార్చింది. దాంతో పాత పద్ధతిలో ఉన్నవన్నీ మళ్లీ రాస్తే తప్ప పనిచేయకుండా పోయాయి. "నిన్న రాత్రి అప్‌డేట్ కొట్టాను, పొద్దున లేచేసరికి బార్ లేదు" అనే ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఇలాంటిదే ఉంటుంది. కూలింది డెస్క్‌టాప్ కాదు, దానికి తగిలించుకున్న అదనపు సరంజామా.

ఇప్పుడు నడుస్తున్న పెద్ద మార్పు ఇంకా లోతుది. తెర మీద బొమ్మ వేసే పని దశాబ్దాలుగా ఎక్స్ అనే వ్యవస్థ చేసింది. అమెరికాలోని ఎంఐటీలో 1984లో పుట్టింది. మనం ఇన్నాళ్లూ వాడిన 11వ రూపం 1987 నాటిది. అందులో ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంలో మీరు నొక్కే మీటలను కూడా చూడగలదు. ఆ రోజుల్లో అది పెద్ద తప్పుగా ఎవరికీ అనిపించలేదు, బ్యాంకు పాస్‌వర్డు కొట్టే ఈ రోజుల్లో అది తప్పే. అందుకని 2008లో క్రిస్టియన్ హాగ్స్‌బెర్గ్ వేలాండ్ అనే కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. ప్రోగ్రాముల మధ్య గోడలు కట్టడం మంచిదే. ఆ గోడలవల్ల స్క్రీన్ షేరింగు, దూరం నుంచి సిస్టం చూసి బాగుచేసే యాప్‌లు, తెలుగు టైపింగ్ పరికరాలు అన్నీ కొత్తగా దారి వెతుక్కోవాల్సి వచ్చింది. పదిహేడేళ్లు దాటినా కొన్ని ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాయి. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10 లాగిన్ దగ్గర పాత ఎక్స్ గ్నోమ్‌ను ఎంచుకునే వీలు కూడా తీసేసింది.

వేలాండ్‌తో వచ్చిన ఒక నష్టం తెలుసుకోవాలి. పాత ఎక్స్‌లో విండో మేనేజర్ కూలితే కిటికీల అంచులు పోయేవి, లోపల టైపు చేస్తున్న లేఖ మాత్రం ఉండేది. మేనేజర్‌ను మళ్లీ లేపితే సరిపోయేది. వేలాండ్‌లో డిస్‌ప్లే సర్వర్, విండో మేనేజర్ ఒకటే. అది పడిపోతే దాంతోపాటే తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ పోతాయి, సేవ్ చేయని లేఖ పోయినట్టే. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన ప్లాస్మా 6లో కేడీఈ వాళ్లు దీనికి కొంత మందు వేశారు. వాళ్ల పద్ధతిలో రాసిన ప్రోగ్రాములు తెర కూలినా బతికి, కొత్త తెరకు మళ్లీ తగులుకుంటాయి. అన్ని ప్రోగ్రాములకూ ఆ వరం లేదు.

గ్రాఫిక్స్ డ్రైవర్ల గొడవ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్న సిస్టంలకు డ్రైవర్లు కెర్నల్‌తోపాటే వస్తాయి. ఎన్‌విడియా మాత్రం చాలాకాలం తన డ్రైవరును మూసిపెట్టుకుంది. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో టోర్వాల్డ్స్ కెమెరా ముందే ఆ కంపెనీకి వేలు చూపించి బూతు తిట్టాడు. ఆ తర్వాత పరిస్థితి కొంత మెరుగైంది. పాత సిస్టం కొనేటప్పుడు లైనక్స్ ఉద్దేశం ఉంటే, ఎన్‌విడియా కార్డు లేనిదే చూసుకోండి.

మన అడవి అంచుకు ప్రత్యేకంగా పట్టిన సమస్య కరెంటు. చర్ల, దుమ్ముగూడెం వైపు, చింతూరు, కూనవరం వైపు లైన్లు చెట్ల మధ్యనుంచే రావాలి. తొలకరి గాలికి ఒక కొమ్మ వాలినా, పిడుగు పడినా సరఫరా పోతుంది. పోయేది ఒకసారైతే ఫర్వాలేదు, వచ్చి పోయి, వచ్చి పోయి సిస్టంను చంపుతుంది. యూపీఎస్ బ్యాటరీ పాతబడితే దాని పని కూత పెట్టడం వరకే. డెస్క్‌టాప్ ఎందుకు "పాడవుతుందో" అర్థం కావాలంటే ఇక్కడ ఒక పాత కథ తెలియాలి.

2009 మొదట్లో ఉబుంటు కొత్త వెర్షన్‌ను పరీక్షిస్తున్నవాళ్లు వింత ఫిర్యాదు చేశారు. సిస్టం అర్ధాంతరంగా ఆగిపోయి మళ్లీ లేస్తే డెస్క్‌టాప్ కొత్తగా వేసినట్టు కనిపిస్తోంది. పెట్టుకున్న బొమ్మ లేదు, సెట్టింగులు లేవు. చూస్తే సెట్టింగుల ఫైళ్లు ఉన్నాయి, లోపల మాత్రం ఏమీ లేదు, సైజు సున్నా. తప్పు ఎవరిది? అప్పుడే కొత్తగా వచ్చిన ఎక్స్‌ట్4 అనే ఫైల్ వ్యవస్థ, రాయమన్న సమాచారాన్ని వెంటనే డిస్కు మీద పెట్టదు. కాసేపు మెమరీలో ఉంచుకుని, మంచి చోటు చూసి ఒకేసారి పెడుతుంది. అలా చేస్తే వేగం వస్తుంది. పాత ఎక్స్‌ట్3 దాదాపు 5 సెకన్లకోసారి దించేసేది, కొత్తదానికి అర నిమిషమో ఇంకా ఎక్కువో పట్టేది. కేడీఈ, గ్నోమ్ మాత్రం ప్రతి చిన్న మార్పుకీ సెట్టింగుల ఫైలును ఖాళీ చేసి మళ్లీ రాసుకునేవి. ఖాళీ చేయడం డిస్కుకు చేరి, కొత్త సమాచారం చేరకముందే కరెంటు పోతే, మిగిలేది సున్నా ఫైలు.

ఎక్స్‌ట్4 రాసిన థియోడర్ సో చెప్పింది ఏమిటంటే, సమాచారం డిస్కుకు చేరిందని ఖాయం చేసుకోమని కెర్నల్‌ను అడగడం ప్రోగ్రాముల బాధ్యత, నిబంధనల్లో ఉన్నదీ అదే. డెస్క్‌టాప్ వాళ్లు చెప్పింది ఏమిటంటే, ఇన్నాళ్లూ అడక్కుండానే నడిచింది కదా. ఇద్దరి మాటా సబబే, మధ్యలో పోయింది మాత్రం వాడుకునేవాళ్ల సెట్టింగులు. చివరికి సో తన వాదన తనకున్నా ఒక మెట్టు దిగి, ఇలా ఖాళీ చేసి తిరగరాసే ఫైళ్లను గుర్తుపట్టి వెంటనే దించే ఏర్పాటు చేశాడు. అది 2009 మధ్యలో వచ్చిన 2.6.30 కెర్నల్‌లో చేరింది. ఆ సమస్య అంతటితో బాగా తగ్గింది. తగ్గింది అన్నానే కానీ పోలేదు. కరెంటు పోయిన క్షణంలో ఏ ఫైలు సగం రాసి ఉందో, అది పాడవడానికి ఇప్పటికీ అవకాశం ఉంది.

అందుకే ఇక్కడ ఒక పరీక్ష చాలా విలువైనది. కరెంటు పోయి వచ్చాక డెస్క్‌టాప్ పిచ్చిగా ప్రవర్తిస్తుంటే ఫార్మాట్ కొట్టకండి. సెట్టింగుల్లోకి వెళ్లి కొత్త యూజర్ ఒకరిని సృష్టించి, ఆ పేరుతో లాగిన్ అవ్వండి. అక్కడ అంతా సవ్యంగా ఉంటే సిస్టం బాగానే ఉంది, మీ పాత యూజర్ సెట్టింగుల ఫైలు ఒకటి చెడింది, అంతే. మీ డాక్యుమెంట్లను కొత్త యూజర్‌లోకి తెచ్చుకుంటే పని అయిపోతుంది. ఇది తెలియక వందల ఫొటోలు, పిల్లల మార్కుల జాబితాలతో సహా డిస్కు మొత్తం తుడిపించుకున్నవాళ్లున్నారు.

అదే తీరులో ఇంకొన్ని పరీక్షలు. తెర కదలకుండా బిగుసుకుపోతే, మన భాషలో స్ట్రక్ అయితే, వెంటనే పవర్ బటన్ అదిమిపట్టకండి. కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని ఎఫ్3 నొక్కండి. నల్లటి తెర మీద లాగిన్ అడుగుతూ అక్షరాలు వచ్చాయంటే కెర్నల్ బతికే ఉంది, పైన డెస్క్‌టాపే పడింది. అక్కడ లాగిన్ అయి రీబూట్ అని కొడితే డిస్కుకు దెబ్బ తగలకుండా సిస్టం తిరిగి లేస్తుంది. ఆ అక్షరాలు కూడా రాక, క్యాప్స్ లాక్ దీపం కూడా మారడం లేదంటే డ్రైవరునో, హార్డ్‌వేర్‌నో అనుమానించాలి. లాగిన్ తెర మీద చిన్న గేరు గుర్తు ఉంటుంది, దాంట్లో వేరే సెషన్ ఎంచుకుని చూడండి. ఒకదాంట్లో వచ్చే లోపం ఇంకోదాంట్లో రాకపోతే దొంగ దొరికినట్టే. చివరగా, పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్‌ను ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. అందులోనూ అదే లోపం వస్తే మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ఇంకో మాట. 4 జీబీ ర్యామ్, పాత తిరిగే హార్డ్ డిస్కు ఉన్న సిస్టంలో బ్రౌజరు పదిహేను ట్యాబులతో తెరిస్తే స్ట్రక్ అవుతుంది. దానికి ఏ డెస్క్‌టాప్‌నూ తిట్టనక్కర్లేదు. ఆ డిస్కు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించడం అన్నిటికంటే మంచి వైద్యం. అలాగని డెస్క్‌టాప్‌లు మెమరీని మింగవని కాదు. గ్నోమ్ షెల్ వాడేకొద్దీ ర్యామ్‌ను పట్టుకుని వదలని జబ్బు 2018 దాకా పెద్ద రభస చేసి, ఆ ఏడాదే చాలావరకు నయమైంది.

ఇక తెలుగు. ఇది మనకు మాత్రమే కనిపించే లోపాల గూడు. తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. చోటు దొరకడం వేరు, అక్షరం సరిగ్గా కూర్చోవడం వేరు. "క్ష్మి" అని మనం ఒక అక్షరంగా చూసేది కంప్యూటర్‌కి క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఆరు ముక్కల వరుస. దాన్ని ఒత్తులతో, గుణింతంతో పేర్చాలి. లైనక్స్‌లో ఆ పని ఎక్కువగా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రే ఆఫీస్, ఆండ్రాయిడ్ అన్నీ దానిమీదే ఆధారపడ్డాయి. ఇది కుదిరాక లైనక్స్‌లో తెలుగు ఒత్తులు విరిగిపోవడం అరుదు. ఈ విషయంలో డబ్బున్న కంపెనీలు మనకంటే మేలేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి, దీర్ఘం అన్న వరుసతో కూడిన తెలుగు అక్షరం మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, మ్యాక్‌లలోనూ కూలాయి. ఒక్క తెలుగు అక్షరం లక్షల రూపాయల పరికరాలను పడగొట్టింది. యాపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సర్దింది. విండోస్ సంగతికొస్తే, 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ సిస్టంలు నీలి తెరతో ఆగిపోయాయి. లోపాలు లేని ఇల్లు లేదు.

తెలుగు విషయంలో లైనక్స్ మీద పడే నిందల్లో కొన్ని అన్యాయమైనవి. పాత డీటీపీ ఫైలు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. అది అను ఫాంట్ల వంటి యూనికోడ్ కాని పద్ధతిలో కొట్టిన ఫైలు. ఆ ఫాంటు లేని ఏ విండోస్‌లో తెరిచినా అంతే. మరొకటి లిబ్రే ఆఫీస్‌లో వస్తుంది. పేరాకు శైలి మార్చి ఫాంటు పెద్దది చేస్తే ఇంగ్లిషు మారుతుంది, తెలుగు కదలదు. ఎందుకంటే అది తెలుగును "సంక్లిష్ట లిపి" కింద లెక్కగట్టి, దానికి ఫాంటు, సైజు విడిగా పెట్టుకుంటుంది. సెట్టింగుల్లో ఆ రెండో గడిలో కూడా పోతన 2000 అనో, మండలి అనో ఎంచుకుంటే సరిపోతుంది. ఇది లోపం కాదు, కానీ వాడేవాడికి లోపంలాగే తగులుతుంది. చెప్పకుండా దాచిన సౌకర్యాన్ని నేను సగం లోపమనే అంటాను.

న్యాయమైన నిందా ఒకటుంది. టైపింగ్. ఐబస్ అనే ఇన్‌పుట్ ఏర్పాటుతో ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్ ఏ పద్ధతిలోనైనా తెలుగు కొట్టవచ్చు. వేలాండ్‌కి మారే ఈ సంధికాలంలో ఒక యాప్‌లో తెలుగు పడి మరో యాప్‌లో పడకపోవడం, అప్‌డేట్ తర్వాత భాష మార్చే మీట పనిచేయకపోవడం జరుగుతున్నాయి. కారణం సులభం. జర్మన్, ఇంగ్లిష్ కీబోర్డు వాడేవాళ్లకు ఈ ఇన్‌పుట్ ఏర్పాటుతో పనే పడదు. డెస్క్‌టాప్‌ను రాసేవాళ్లలో, పరీక్షించేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. తాము రోజూ తొక్కని దారిలో ముల్లు ఉందని ఎవరికి తెలుస్తుంది? ఇది తెలుగుకే పరిమితం కాదు. మన వైపు కోయ భాషను రాసేది కూడా తెలుగు లిపిలోనే. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన బహుభాషా విద్యలో కోయ వాచకాలు అలాగే వచ్చాయి. తెలుగు టైపింగు చెడితే కోయ పాఠం కొట్టే ఉపాధ్యాయుడి పనీ ఆగిపోతుంది.

మరి ఏం వేసుకోవాలి? ఇక్కడి పాత సిస్టంలకు నా ఓటు డెబియన్ స్థిర వెర్షన్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈకి. ఒలివియర్ ఫోర్డన్ 1996లో మొదలుపెట్టిన ఈ డెస్క్‌టాప్ ఎంత నిదానమంటే, 4.12 వెర్షన్ 2015లో వస్తే తర్వాతి 4.14 వచ్చేసరికి 2019 అయింది. కొత్త హంగులు కోరేవాళ్లకు అది విసుగు. షాపు నడుపుకునేవాళ్లకు ఆ విసుగే కావాలి. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13కి ఐదేళ్లపాటు భద్రతా అప్‌డేట్లు ఉంటాయి. మీ సిస్టం మరీ పాత 32 బిట్ల రకమైతే 13 ఎక్కదు, 12తోనే 2028 వరకు నెట్టుకురావాలి. డెబియన్ కష్టమనిపిస్తే మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకోండి. రోజూ కొత్త వెర్షన్లు దించే రకాల జోలికి షాపు సిస్టంతో పోవద్దు. మేనల్లుడు ఎంత మోజు పడినా సరే, అవి వాడి ల్యాప్‌టాప్‌లో వేసుకోమనండి. పెద్ద వెర్షన్ మారాలనుకుంటే పని తక్కువున్న రోజుల్లో మారండి. కాలేజీ అడ్మిషన్ల చివరి వారంలోనో, శ్రీరామనవమి టికెట్ల హడావిడిలోనో అప్‌డేట్ నొక్కడం తలనొప్పిని పిలిచి పీట వేయడమే.

ఒక సిస్టంను మాత్రం మార్చకండి. వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెను తగిలించి ప్రభుత్వ సేవలు చేసే సిస్టం అది. ఆ పరికరానికి లైనక్స్ డ్రైవరు ఉందని అమ్మినవాళ్లు రాసిస్తే తప్ప దాన్ని విండోస్ మీదే ఉంచండి. షాపులో రెండు సిస్టంలు ఉంటే ఒకటి అటు, ఒకటి ఇటు ఉండటమే తెలివి.

లోపాలు ఎలా పోతాయన్నది చివరి సంగతి. కేడీఈ వాళ్లు 2022లో ఒక పని పెట్టుకున్నారు. కొత్తగా కూర్చున్న మనిషికి మొదటి 15 నిమిషాల్లోనే తగిలే లోపాలను విడిగా జాబితా కట్టి ముందు వాటినే సరిచేయడం. అంతకుముందు 2009లో ఉబుంటు, పెద్ద ప్రమాదమేమీ చేయకుండా రోజూ గీరుకునే వంద చిన్న లోపాల మీద ఇలాగే పడింది. రెండూ మంచి ప్రయత్నాలే. జాబితాలో చేరాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. తెలుగు లోపాన్ని తెలుగువాళ్లే చెప్పాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగు ఆపరేటింగ్ సిస్టం తెచ్చి, మెనూల మాటలను తెలుగు చేసిన పని ఇలా ఎవరో పూనుకుంటేనే జరిగింది. కాబట్టి ఈసారి మీ సిస్టంలో తెలుగు విరిగితే, బార్ మాయమైతే తిట్టుకుని ఊరుకోకండి. హెల్ప్ మెనూలో లోపం తెలిపే మీట ఉంటుంది. మీరు వాడేది ఏ వెర్షన్, ఏం చేస్తుండగా జరిగింది, జరగాల్సింది ఏమిటి, ఈ మూడూ రాసి, విరిగిన తెలుగు మాటను టైపు చేసి, ఒక స్క్రీన్‌షాట్ జతచేయండి. ఇంగ్లిషు అంతంతమాత్రమైనా ఫర్వాలేదు, అవతల చదివేవాళ్లలో చాలామందికి కూడా అది సొంత భాష కాదు.